మూడింటి నాటకం, ఎనిమిదిన్నర పాట



ముందుగా ఒక ఫిర్యాదు. మా ఇంగ్లీషు మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసాన్ని ఆదివారం మధ్యాహ్నం మూడింటికి పెట్టారు. ఆయన ఉంటే ఈ సభకు వచ్చేవారు కాదు. ఆదివారం మూడింటికి వాళ్ళింట్లో విజయవాడ కేంద్రం నాటకం మొదలయ్యేది. శనివారం రాత్రి కచేరీ, ఆదివారం పొద్దున చర్చి, మధ్యాహ్నం నాటకం. ఆ రెండు రోజుల్లో ఆయనతో పనిబడితే ఈ మూడింటి సందుల్లో దూరి వెళ్ళాలి.

ఆయన దగ్గర కిరాణా కొట్టు పద్దుల పుస్తకం లాంటి పొడుగాటి పుస్తకం ఒకటి ఉండేది. తేదీ, వేళ, కేంద్రం, కార్యక్రమం, చివర అభిప్రాయం. ఆ చివరి గడిలో దయాదాక్షిణ్యాలు కనబడవు. ఒక నాటకం గురించి రాసింది నాకింకా గుర్తు: ‘తలుపు చప్పుడు సహజంగా ఉంది. మనుషులు లేరు.’ ఆయన దగ్గర ఇంగ్లీషు పాఠాలు చదువుకుని, తర్వాత రేడియోలోనే ఉద్యోగం చేసినవాణ్ణి కనుక ఆ పదునైన అభిప్రాయాల్లో నాకూ ఒకటి దక్కింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

వారాంతపు రేడియో గురించి మాట్లాడమన్నారు. సంగీతం, నాటకం, ఆరాధన అన్నారు. మూడింటినీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు, వినే ఓపిక మీకూ ఉండదు. ఒక్క ప్రశ్న పట్టుకుని నడుస్తాను. సెలవు రోజున జనం ఏం వినాలో ఎవరు తేల్చాలి?

గుడిలోంచి గొంతు బయటికి రావడంతోనే ఈ తగవు మొదలైంది. 1921 జనవరి 2న అమెరికాలో, పిట్స్‌బర్గ్‌లోని కాల్వరీ ఎపిస్కోపల్ చర్చి ఆరాధనను కేడీకేఏ అనే కేంద్రం ప్రసారం చేసింది. చర్చి నుంచి రేడియోలో వచ్చిన మొదటి ఆరాధనగా దాన్నే చెబుతారు. అసలు పాస్టరుగారికి ఈ యంత్రం మీద నమ్మకం కుదరక, ప్రసంగం తన కింది పాస్టరుకు అప్పజెప్పారు. మైకులు చూసుకోవడానికి వచ్చిన ఇంజనీర్లు ఇద్దరు. ఒకరు కేథలిక్కు, ఒకరు యూదుడు. భక్తుల కంట పడకుండా ఉండాలని ఇద్దరికీ గాయకబృందం అంగీలు తొడిగి కూర్చోబెట్టారు. ప్రొటెస్టెంటు ఆరాధన గాలిలోకి లేచింది ఈ ఇద్దరి చేతుల మీదుగా. మాస్టారికి ఈ కథ చెబితే చాలాసేపు నవ్వారు.

లండన్‌లో అంత సులువుగా జరగలేదు. 1923 ఏప్రిల్‌లో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో డ్యూక్ ఆఫ్ యార్క్ పెళ్ళి. రేడియోలో వినిపిస్తామని బీబీసీ అడిగితే ఆబీ పెద్దలు ఒప్పుకోలేదు. సారాకొట్లలో మగవాళ్ళు నెత్తిన టోపీలు తియ్యకుండానే వింటారేమోనని వాళ్ళ భయమట! నవ్వొస్తుంది కానీ, ఆ భయం వెనక ఉన్న ఆలోచన తీసిపారేసేది కాదు. పవిత్రమైన మాటకు ఒక చోటు ఉంటుంది, ఆ చోటికి మనిషే నడిచి వెళ్ళాలి, అదే నడిచి మనిషి దగ్గరికి రాకూడదు. మన గుళ్ళలో పెద్దలూ ఇంచుమించు ఇదే అంటారు. విచిత్రమేమిటంటే, ఆనాటి ఆ పెళ్ళికొడుకే తర్వాత ఆరో జార్జి రాజై, నత్తితో అవస్థపడుతూ, క్రిస్మస్ సందేశాలు అదే మైకు ముందు చదవాల్సి వచ్చింది.

గుడి తలుపు తెరిచినవాడు డిక్ షెపర్డ్. ట్రఫాల్గర్ స్క్వేరు పక్కన సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్ చర్చి పాస్టరు. 1924 జనవరి 6న ఆయన చర్చి నుంచి బీబీసీ మొదటిసారి ఆరాధన ప్రసారం చేసింది. చర్చికి రాలేని రోగులూ, రావడం మానేసినవాళ్ళూ ఆయన గొంతు విన్నారు. 1926 నుంచి ఆబీ కూడా తలుపు తీసింది. ఆ ఏడాది మొదలైన కోరల్ ఈవెన్‌సాంగ్, అంటే గాయకబృందం పాడే సాయంకాల ప్రార్థన, నేటికీ వస్తూనే ఉంది.

ఇక ఈ కథలో అసలు మనిషి జాన్ రీత్. బీబీసీకి మొదటి పెద్ద. స్కాట్లండ్ ప్రెస్బిటేరియన్ పాస్టరు కొడుకు. ఆదివారం ఎలా ఉండాలో తండ్రి ఇంట్లో చూసినవాడు, దేశమంతా అలాగే ఉండాలనుకున్నాడు. ఉదయమంతా దాదాపు నిశ్శబ్దం. చర్చి ప్రార్థనల వేళకు పోటీగా ఏదీ వినబడకూడదు. తర్వాత గంభీరమైన సంగీతం, ప్రసంగం, రాత్రి ఆరాధన, చిట్టచివర ‘ఎపిలోగ్’ అనే చిన్న ప్రార్థన. డ్యాన్సు పాటలు లేవు, హాస్యం లేదు. వారమంతా గనిలోనో మిల్లులోనో ఒళ్ళు హూనం చేసుకున్నవాడు ఒక్కగానొక్క సెలవునాడు రేడియో తిప్పితే పెద్దాయన మొహం ముడుచుకుని కూర్చున్నట్టుండేది.

అయితే ఆ ముడుచుకున్న మొహమే 1928 నుంచి మూడేళ్ళ పాటు దాదాపు ప్రతి ఆదివారం బాఖ్ కూర్చిన చర్చి గానం, కాంటాటా, ఒకటి వినిపించింది. కచేరీ టిక్కెట్టు కొనలేని ఇంట్లో, పొయ్యి పక్కన, బాఖ్! ఈ రెంటిలో ఒకటి చెప్పి ఒకటి దాచడం నాకు చేతకాదు.

జనం ఏం చేశారంటే, ముల్లు పక్కకు తిప్పారు. 1933లో రేడియో లక్సెంబర్గ్ తన ఇంగ్లీషు ప్రసారాలు మొదలుపెట్టింది. దేశం చిన్నదే గానీ ట్రాన్స్‌మిటర్ 200 కిలోవాట్లది. అంతకుముందే ఫ్రాన్స్ తీరం నుంచి రేడియో నార్మండీ వస్తోంది. ఈ రెంటికీ ఆదివారమే పండగ. సబ్బులవాళ్ళూ, పళ్ళపొడివాళ్ళూ డబ్బు కట్టేవాళ్ళు, డ్యాన్సు బృందాలు వాయించేవి. ఓవల్టీన్‌వాళ్ళయితే ఆదివారం సాయంత్రం పిల్లల కోసం ‘ఓవల్టీనీస్’ అని ఒక సంఘమే పెట్టారు. సభ్యులకు బ్యాడ్జి, నియమాల పుస్తకం, రేడియోలో వచ్చే రహస్య సంకేతాన్ని విప్పుకునే తాళం ఇచ్చేవారు. ఆ పిల్లవాణ్ణి రీత్ ప్రార్థనకు పిలిస్తే వస్తాడా?

రీత్ 1938లో వెళ్ళిపోయారు. ఆయన కట్టిన ఆదివారం మరో రెండేళ్ళకు కూలింది. శ్రోతలు చేసిన గొడవకు కాదు, యుద్ధానికి. 1940 జనవరిలో సైనికుల కోసం ‘ఫోర్సెస్ ప్రోగ్రాం’ మొదలైంది. శిబిరంలో చలికి వణుకుతున్న కుర్రవాడికి ఆదివారం ఉపన్యాసాలు పెడితే వినడని తేలింది. డ్యాన్సు పాటలు వచ్చాయి. ఆ గాలి ఇళ్ళలోకీ వీచింది, మళ్ళీ వెనక్కి పోలేదు.

ఇది మనకు తెలియని కథేం కాదు. 1935లో భారత ప్రభుత్వం రేడియో నడపడానికి బీబీసీ నుంచి లయొనెల్ ఫీల్డెన్‌ను తెచ్చుకుంది. మరుసటి ఏడాది ఆలిండియా రేడియో అని పేరు పెట్టుకున్నాం. ఆ ఫీల్డెన్ వెంట రీత్ నీడ కూడా ఓడెక్కి వచ్చిందని నా అనుమానం. స్వాతంత్ర్యం వచ్చాక సమాచార ప్రసార శాఖ చేపట్టిన బి.వి. కేస్కర్ ఆ నీడకు శాస్త్రీయ సంగీతం తొడిగారు. 1952లో శనివారం రాత్రి జాతీయ సంగీత కార్యక్రమం మొదలుపెట్టారు. అదే కాలంలో సినిమా పాటను గుమ్మం బయట నిలబెట్టారు. దేశం మొత్తం ఏం చేసింది? ముల్లు తిప్పింది. లక్సెంబర్గ్ బదులు రేడియో సిలోన్, అంతే తేడా. హిందీ పాటలకు అమీన్ సయానీ, మన పాటలకు మీనాక్షి పొన్నుదురై. 1957 అక్టోబరులో వివిధ భారతి పుట్టేదాకా సినిమా పాట మనకు సముద్రం దాటి రావాల్సి వచ్చింది.

మరి కేస్కర్‌ను తిడదామా? మా మాస్టారు తిట్టనిచ్చేవారు కాదు. జీతం నూరు రూపాయలు దాటని రోజుల్లో శనివారం రాత్రి గంటన్నరసేపు అరియకూడినీ, సెమ్మంగుడినీ, బడే గులాం అలీనీ వరండాలో కూర్చుని విన్నానురా అనేవారు. సిలోన్ పాటలూ వినేవారు, అది వేరే పుస్తకంలో రాసేవారట. రెండో పుస్తకం ఎవరికీ చూపించలేదు. ఆ వరండా చూసినవాణ్ణి గనుక నాకు తేలింది ఇది: పెద్దలు మంచి వంట వండి పెట్టడంలో తప్పులేదు, పక్కింటి తలుపుకు తాళం వెయ్యబోవడమే తప్పు. ఎలాగూ ఆ తాళం పడదు.

నాటకం దగ్గరికి వస్తే వ్యవహారం ఇంకా రుచిగా ఉంటుంది. డొరొతీ సేయర్స్ డిటెక్టివ్ నవలలతో పేరు తెచ్చుకున్న రచయిత్రి. బీబీసీ కోసం క్రీస్తు జీవితం మీద పన్నెండు నాటకాలు రాసింది, ‘ద మ్యాన్ బార్న్ టు బి కింగ్’ అని. 1941 డిసెంబరులో మొదటిది, నెలకొకటి చొప్పున, ఆదివారం సాయంత్రం పిల్లల వేళలో. శిష్యులు వీధి భాష మాట్లాడతారు. ప్రసారం మొదలుకాకముందే ఆదివార నియమ సంఘంవాళ్ళు గగ్గోలు పెట్టారు. పార్లమెంటులో ప్రశ్నలు పడ్డాయి. మరుసటి ఫిబ్రవరిలో యుద్ధంలో సింగపూర్ చేజారితే ఈ నాటకాల పాపమేనన్నవాళ్ళూ ఉన్నారు.

అప్పట్లో ఇంగ్లండు రంగస్థలం మీద క్రీస్తు పాత్రను చూపించడం నిషేధం. మరి రేడియోలో ఎలా కుదిరింది? స్టూడియోలో ప్రేక్షకులెవరూ కూర్చోకూడదన్న షరతు మీద అనుమతి వచ్చింది. కంటికి కనబడితే అపచారం, చెవికి వినబడితే కాదు. చట్టం తెలియకుండానే రేడియో నాటకానికి లక్షణం చెప్పింది. వేదిక మీద క్రీస్తు వేషం కట్టినవాడు ఎంత గొప్ప నటుడైనా ఒక నటుడే. చీకట్లో వినబడే గొంతుకు మొహం ఎవరికి వారు ఇచ్చుకుంటారు. ఇవాళ మీలో పెద్దవాళ్ళను అడిగి చూడండి, విజయవాడ కేంద్రం ‘గణపతి’ నాటకంలో నండూరి సుబ్బారావు గొంతుకు తగిలించుకున్న మొహం ఒక్కొక్కరిదీ ఒక్కో రకంగా ఉంటుంది. నవలలో చిలకమర్తివారు రాసిన మొహం మాత్రం ఎవరిదీ అయ్యుండదు.

ఇప్పుడు నా సంగతి. నేనప్పుడు ఒక కేంద్రంలో డ్యూటీ చూస్తున్నాను. ఊరి పేరు అడక్కండి. ఆదివారం నాటకం గంటసేపు. అరగంట చొప్పున రెండు టేపు చుట్టలు, అట్టపెట్టెల మీద ఒకటి, రెండు అని రాసి ఉంటాయి. ఆ రోజు ఒకటో పెట్టెలో రెండో చుట్ట ఉంది. పెట్టె నమ్మి ఎక్కించింది నేనే. అనౌన్సరు పేర్లన్నీ చదివింది, ఎర్రదీపం వెలిగింది, నాటకం ఏడుపులతో మొదలైంది. ఇంటి యజమాని పోయాడు, వాకిట్లో శవం, బంధువుల రోదన. ఆధునిక నాటకం కాబోలు అనుకున్నాను. పది నిమిషాలకు అనుమానం, పదిహేనుకు చెమటలు. ఆపితే గాలి ఖాళీ, ఆపకపోతే నాటకం తలకిందులు. ఆపలేదు. మూడున్నరకు ఒకటో చుట్ట ఎక్కింది. చచ్చిన పెద్దమనిషి దర్జాగా దగ్గి, కాఫీ అడిగాడు.

ఉత్తరాలు రాలేదు. ఫోను మోగలేదు. నాలుగో రోజున ఒకే ఒక్క పోస్టుకార్డు వచ్చింది, గుండ్రటి చేతిరాత. ‘చిరంజీవికి, మీ నాటకంలో చనిపోయినవాడు అరగంటలో లేచాడు. మా ప్రభువుకు మూడు రోజులు పట్టింది. ఆశీస్సులతో, మాస్టారు.’

ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. నా ఉద్యోగంలో నాకు వచ్చిన అన్ని మెమోల కంటే అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఎక్కడో ఒక వరండాలో ఒకాయన మొదటి మాట నుంచి వింటున్నాడని తెలిశాక చుట్ట ఎక్కించే చేయి వేరుగా ఉంటుంది. ఆ తర్వాత పెట్టెను నమ్మలేదు. ప్రతి చుట్టా ముందు వినేవాణ్ణి.

మాస్టారి ఏడాదిలో ఒక రాత్రి మాత్రం శనివారమా ఆదివారమా అన్నదానితో సంబంధం లేనిది. డిసెంబరు 24. కేంబ్రిడ్జిలో కింగ్స్ కాలేజీ చాపెల్ నుంచి క్రిస్మస్ కీర్తనల ఆరాధన. అది అక్కడ 1918లో మొదలైంది, బీబీసీ 1928లో మొదటిసారి ప్రసారం చేసింది, 1930 ఒక్క ఏడాది తప్పింది. యుద్ధకాలంలో రంగుటద్దాలు తీసి దాచేశారు, లోపల చలి కాచుకునే ఏర్పాటు లేదు, శత్రువుకు జాడ తెలియకూడదని కాలేజీ పేరు కూడా చెప్పేవారు కాదు. అయినా పాడారు. అక్కడ మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యేది మనకు రాత్రి ఎనిమిదిన్నరకు షార్ట్‌వేవ్ మీద, అల పొంగి తగ్గినట్టుగా వినబడేది.

మొదటి చరణం ఒక పిల్లవాడు ఒంటరిగా, వాద్యం లేకుండా పాడతాడు. ఆ పిల్లవాడెవరో ముందుగా చెప్పరు. కొందరిని సిద్ధం చేసి ఉంచుతారు. ప్రసారం మొదలయ్యే క్షణంలో గురువు ఒకరి వైపు చేయి చూపిస్తాడు. భయపడడానికి వాడికి వ్యవధి ఉండదు. ఊపిరి తీసుకోవడమే, పాడడమే. మాస్టారు ఆ ఊపిరి కోసం చెవి రేడియోకు ఆనించి కూర్చునేవారు. మా వీధిలో కరెంటు పోతుందని పక్కన బ్యాటరీలు సిద్ధం. వాళ్ళమ్మాయి చెప్పులు వరండాలోనే విడిచి మునివేళ్ళ మీద లోపలికి వచ్చేది.

ఈ ఉపన్యాసం కోసం ఆమె ఆ పొడుగాటి పుస్తకం నాకిచ్చారు. అందరి మీదా విరుచుకుపడిన ఆ చివరి గడిలో, ప్రతి డిసెంబరు 24 ఎదురుగా ఒకటే మాట ఉంది: ‘విన్నాను.’ ఏళ్ళ తరబడి అదే మాట, అక్షరాలు మాత్రం వంకర పోతూ వచ్చాయి. ఆఖరి ఏడాది ఆ వరస ఆమె చేతిరాతలో ఉంది. తేదీ, వేళ, కేంద్రం, కార్యక్రమం. చివరి గడిలో ‘విన్నారు.’