షాంఘై పెనం, గన్నవరం బండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

చైనాలో మూడేళ్లు ఉద్యోగం చేసొచ్చావు కదా, అక్కడి విశేషాలు చెప్పమన్నారు కమిటీవారు. పెద్ద గోడ సంగతి మీరు పాఠాల్లో చదివారు. నేను తిండి సంగతి చెబుతాను.

షాంఘైలో పొద్దున్నే వీధి దుకాణాల ముందు జనం వరస కడతారు. లోపల వెడల్పాటి ఇనుప పెనం. పిండి ముద్దల్లో పంది మాంసం కైమా, గడ్డకట్టిన మాంసం రసం పెట్టి, ఒకదాన్నొకటి ఆనుకునేలా పెనం నిండా పేరుస్తారు. నూనెలో కాసేపు కాలనిచ్చి, నీళ్లు పోసి మూత పెడతారు. పైభాగం ఆవిరికి మెత్తగా ఉడుకుతుంది. నీళ్లు ఇగిరిపోయాక అడుగు ఎర్రగా కరకరలాడుతుంది. పైన నువ్వులు, ఉల్లికాడలు చల్లుతారు. వీటి పేరు షెంగ్‌జియన్. అమ్మకం నాలుగేసి లెక్కన. గబుక్కున కొరికితే నోరు కాలుతుంది. చిన్న చిల్లు చేసి ముందు రసం జుర్రుకోవాలి. తోడుగా యాంగ్‌చున్ మియన్ అనే నూడుల్స్ సూపు: సోయా సాసు వేసిన పులుసులో సన్నటి నూడుల్స్, పైన ఉల్లికాడలు, అంతే.

ఆ మూత తీయగానే నాకు తట్టింది మన మినపరొట్టి! మూకుట్లో నూనె పోసి, పిండి వేసి, మూత పెట్టి, సన్న సెగ మీద కాలుస్తామే, అదే కిటుకు. కింద కరకర, పైన మెత్తన. ఎవరి దగ్గరా ఎవరూ నేర్చుకోలేదు. పెనం, ఆవిరి ఎక్కడైనా ఒకటే.

మరి మన గన్నవరంలో సాయంత్రం బండి మీద అమ్మే చైనా నూడుల్స్? అవి షాంఘైలో దొరకవు. మంచూరియా అక్కడి ప్రాంతమే గాని, మంచూరియన్ మాత్రం మనదే. 1970ల్లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ అనే వంటమాస్టరు చేశారంటారు. ఆయన కలకత్తాలో పుట్టిన చైనావారు. పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి మన పోపులోవే. సోయా సాసు వాళ్లది.

2020లో సరిహద్దులో గొడవ జరిగినప్పుడు చైనా తిండి మానెయ్యమని ఒక కేంద్రమంత్రి పిలుపిచ్చారు. బండి మీద క్యాబేజీ మన రైతుది. ఫ్రైడ్ రైసులో బియ్యం మన డెల్టావి. మంట ముందు చెమటోడ్చేది మన పిల్లలు. ఆ బండి మూస్తే పస్తుండేది ఎవరు?

ఈ బడి పిల్లల్లోనూ అలాంటి బండి సంపాదనతో చదువుకునేవాళ్లు ఉండొచ్చు. నాన్న ఏం చేస్తారని అడిగితే ఆ బిడ్డ తల దించుకోకూడదు. అందుకే కమిటీవారికి ఒక విన్నపం. వచ్చే ఏడాది భోజనాలు పెద్ద క్యాటరింగుకు ఇవ్వకండి. మన ఊరి బండ్లవాళ్లనే పిలిచి, వండించి, పిల్లలందరి ముందు వేదికెక్కించి శాలువా కప్పండి. ఆ ఖర్చులో నా వంతు నేనిస్తాను.