దెబ్బ లేక కమిలిన వ్రేలు

ఏబది యేండ్లు దాటిన గృహిణి యింటిపని చేసికొనుచుండగా హఠాత్తుగా వ్రేలిలో మంటయో పోటో పుట్టును. కొన్ని నిమిషములలో వ్రేలు వాచి, అరచేతివైపు కమిలి నీలవర్ణము దాల్చును. దెబ్బ తగిలినదా యని యడిగిన లేదనును. ఇంటివారు నమ్మరు, కొందరు గాలి సోకినదందురు.

ఆమె చెప్పినది నిజమే కావచ్చును. 1958లో వాల్టర్ ఆకెన్‌బాఖ్ అను జర్మను వైద్యుడు ఇట్టి రుగ్మతను వర్ణించెను. చర్మము క్రింది చిన్న రక్తనాళము చిట్లి నెత్తురు వ్యాపించుటయే యీ నీలిమకు హేతువు. అది యేల చిట్లునో వైద్యులకును తేటపడలేదు. చూపుడువ్రేలికిని నడిమివ్రేలికిని ఇది తఱచు. సాధారణముగా కొద్ది దినములలో మందు లేకయే మానును, మరల రావచ్చును.

అయినను ఏమరుపాటు తగదు. వ్రేలు పాలిపోయి చల్లబడినను, స్పర్శ తప్పినను, నొప్పి తగ్గక పెరిగినను తక్షణమే ఆసుపత్రికి చేర్పవలెను. ఒడలియందు ఇతర చోట్ల మచ్చలు లేచినను, చిగుళ్లనుండి నెత్తురు కారినను, రక్తము పలుచబఱచు మందు వాడుచున్నను ఆ సంగతి వైద్యునకు విన్నవింపవలెను. వాతలు పెట్టుటయు, గట్టిగా పిసికి తోముటయు కూడదు.

కావున పెద్దలారా! ఇట్టి చేయి చూపిన స్త్రీని శంకింపకుడు. ముందుగా ఆమె మాట ఆలకింపుడు; పిదప వైద్యునకు చూపుడు.