అభిమానానికీ ఓ హద్దు



కూరల బేరం దగ్గర్నుంచి పేరంటం కబుర్ల దాకా గలగలా మాట్లాడే మనకి, ఓ సినిమా తారో, పేరున్న గాయనో ఎదురుపడితే మాత్రం నోట మాట రాదు. ఎందుకంటారూ?

మన లెక్కన వాళ్ళు కొత్తవాళ్ళు కారు కదండీ! వాళ్ళ ముఖాన్ని తెర మీద చేతికందేంత దగ్గరగా చూశాం. వాళ్ళ గొంతుని పోపు వేసుకుంటూ మన వంటింట్లోనే విన్నాం. వాళ్ళు మనకి ఏళ్ళ తరబడి తెలుసు. మనమే వాళ్ళకి తెలియదు. హోర్టన్, వోల్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 1956లోనే ఈ ఒకవైపు చుట్టరికం గురించి వ్యాసం రాశారు. రేడియో, టెలివిజన్, సినిమా మనకి ఆ మనిషితో ముఖాముఖి పరిచయం ఉన్నట్టే భ్రమ కలిగిస్తాయన్నది వారి పరిశీలన.

ఆ మాట చెప్పడానికి అమెరికా దాకా ఎందుకు? 1960లో 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం' వచ్చాక, తిరుమల వెళ్ళిన యాత్రికులు బస్సుల్లో మద్రాసు చేరి, ఎన్.టి. రామారావుగారిని కూడా చూసుకుని గానీ ఇళ్ళకి తిరిగేవారు కారు.

ముచ్చట ముచ్చటగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. మోజుగా మారిందంటేనే ముప్పు. 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి, హైదరాబాదు ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్‌లోని ఓ సినిమా హాలు దగ్గర, కథానాయకుడు కూడా వచ్చిన ప్రత్యేక ఆటకి జనం విరగబడ్డారు. ఆ తొక్కిసలాటలో, భర్తతో, పిల్లలతో వెళ్ళిన ఓ తల్లి ప్రాణం పోయింది. ఆమె కొడుకు నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. ఎవరి బాధ్యత ఎంతన్నది తేల్చడానికి చట్టం ఉంది. మరి మన చేతిలో ఏముంది? పిల్లల్ని తీసుకుని తొలి ఆటకి పరుగెత్తకపోవడం మన చేతిలో ఉంది. వారం ఆగి చూస్తే కథ మారదు, పాట మారదు. "అందరూ చూసేశారమ్మా!" అని పిల్లలు గునిసినా సరే, ఆ గునుపు రెండు రోజులే.

అలాగని అభిమానమే వద్దని నేననను. మా పక్కింటావిడకి ఓ గాయని అంటే ప్రాణం. ఎప్పుడైనా కనిపిస్తే ఏ పాట గురించి ఏం చెప్పాలో ఏళ్ళ తరబడి అనుకుంటూనే ఉంది. తీరా ఓ పెళ్ళిలో ఎదురుపడితే అన్నీ మరిచిపోయి, "భోంచేశారా అండీ?" అంది. ఆవిడ నవ్వి, "ఇంకా లేదమ్మా" అందిట. ఈవిడ గబగబా వెళ్ళి విస్తరి వేయించి, కూచోబెట్టి, దగ్గరుండి వడ్డింపించింది. ఇంటికొచ్చాక, "అంత గొప్పావిడతో అంత చిన్న మాటా!" అని ఒకటే బాధ. నేనేమన్నానంటే – ఆ రోజు అందరూ ఆవిడతో ఫోటో అడిగారు, ఆకలి అడిగింది నువ్వొక్కదానివే.

తార కూడా మనిషే, చెల్లాయిలూ! 'మాయాబజార్'లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి నడకనీ, చూపునీ 1957 నుంచి చూసి మురిసిపోతూనే ఉన్నాం. అదే సావిత్రి నెలల తరబడి స్పృహ లేకుండా మంచాన పడి, 1981 డిసెంబరు 26న కన్నుమూసింది. చప్పట్లు కొట్టే చేతులు ఎన్ని ఉన్నా, జబ్బుని పంచుకోలేవు కదా!

అందుకని, అభిమానించేటప్పుడు వాళ్ళ విద్యని అభిమానిద్దాం. ఎదురుపడితే, మనకి నచ్చిన పని గురించి ఓ మంచి మాట చెప్పి, దారి వదులుదాం. వాళ్ళు తిరిగి చూడకపోయినా మనం చిన్నబుచ్చుకోనక్కర్లేదు. మన పేరు పెట్టి పిలిచేవాళ్ళు, మన అన్నం కోసం ఎదురుచూసేవాళ్ళు మనింట్లో ఉన్నారు. వాళ్ళకి మనం క్షేమంగా తిరిగి రావడమే కావాలి.

మరి సెలవు.