పద్దెనిమిదింటిలో ఒకటి

(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి ఉక్కు పరిశ్రమ భవిష్యత్తు మీద మాట్లాడమన్నారు. ఆ చర్చ రోజూ ఆఫీసులో వింటూనే ఉన్నాను, ఈ ఒక్కరోజూ వదిలేయండి అన్నాను. "అయితే మీ బొమ్మ రైళ్ల గురించే చెప్పండి" అన్నారు. ఆయన నవ్వులాటకే అన్నారేమో గానీ, నేను ఆ మాట పట్టేసుకున్నాను.

పాతికేళ్లుగా నేను రైలు నమూనాలు పోగుచేస్తున్నాను. మేడ మీద వాటికో గది ఉంది. మా ఆవిడ దానికి వాల్తేరు డివిజన్ అని పేరు పెట్టింది. అక్కడున్నవన్నీ హెచ్‌ఓ కొలతవి. అంటే అసలు ఇంజన్ 87 అడుగులుంటే నా దగ్గరది ఒక్క అడుగు. ప్రపంచంలో ఎక్కువమంది వాడే కొలత ఇదే. మనకొచ్చిన చిక్కల్లా పట్టాలతోనే. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు, లెక్కప్రకారం నమూనా పట్టాల మధ్య 19 మిల్లీమీటర్ల పైన ఎడం ఉండాలి. బజార్లో దొరికే హెచ్‌ఓ పట్టాలు 16.5 మిల్లీమీటర్లే, ఎందుకంటే అవి విదేశాల స్టాండర్డ్ గేజ్‌కు చేసినవి. ఇండియన్ ఇంజన్ల నమూనాలు చేసేవాళ్లు చాలామంది చూసీచూడనట్టు ఆ ఇరుకు పట్టాల మీదే నడిపించేస్తారు. నేనూ అంతే.

నాకు మాత్రం మొదట్నుంచీ ఒక్క ఇంజన్ మీదే మనసు. డబ్ల్యూఏజీ-6ఏ.

ఈ పేరు వినగానే ముందు వరసలో ఇద్దరు ముగ్గురు తలెత్తారు. వాళ్లు లోకో షెడ్ ఇళ్లవాళ్లని నాకు తెలుసు. మిగతావాళ్ల కోసం చెబుతాను. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని మన పోర్టుకు, అక్కణ్నుంచి జపాన్‌కు పంపడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. మనం పిక్నిక్‌కు అరకు వెళ్లిన లైనే. సొరంగాలు లెక్కపెడుతూ బొర్రా దగ్గర ప్రతిసారీ లెక్క తప్పేవాళ్లం, గుర్తుందా? అవి 58. తర్వాత మన ఉక్కు కర్మాగారానికీ ఖనిజం ఆ దారినే వచ్చింది. సముద్రమట్టం నుంచి బయల్దేరి శిమిలిగుడ దగ్గరికి వచ్చేసరికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. కొన్ని చోట్ల 60 అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకి. మన ఫిజిక్స్ మాష్టారు వాలుతలం పాఠానికి బల్లను ఏటవాలుగా పెట్టి డస్టర్ జార్చేవారు. అదే పాఠం, వేల టన్నులతో.

ఆ ఘాట్‌లో డబ్ల్యూఏజీ-5 ఇంజన్లను మూడేసి కట్టి నడిపేవారు. ఒక్కొక్కటి నాలుగు వేల హార్స్‌పవర్ లోపు. వాటిలో ట్రాన్స్‌ఫార్మర్ మీద మెట్లుంటాయి, ఒక్కో మెట్టు ఎక్కిస్తే ఒక్కో కుదుపు. 1980ల చివర రైల్వేవాళ్లు ఆరు వేల పైన హార్స్‌పవర్ ఉండి, థైరిస్టర్లతో మెట్లు లేకుండా పని చేసే ఇంజన్లను పరీక్షకని తెప్పించారు. స్వీడన్ ఆసియా కంపెనీవి ఆరు, జపాన్ హిటాచీవి రెండు రకాలు కలిపి పన్నెండు. మొత్తం 18. వాటన్నిటికీ ఇల్లు ఒక్కటే, మన విశాఖపట్నం ఎలక్ట్రిక్ లోకో షెడ్.

అవి వచ్చేనాటికి మేం పదో తరగతి దాటి రెండేళ్లయింది. మా నాన్నగారు ఆ షెడ్‌లో ఫిట్టర్. స్వీడన్ ఇంజన్‌కు కింద మూడు బోగీలు, ఒక్కోదానికి రెండేసి ఇరుసులు. వంపులో మధ్య బోగీ పక్కకు జరగాలి, లేకపోతే ఇంజన్ తిరగదు. నాన్నగారు అన్నం తింటూ మూడు అగ్గిపెట్టెలు వరసగా పెట్టి, మధ్యది వేలితో జరిపి చూపించేవారు. నేను ఇంజనీరింగ్‌లో చేరినందుకు కారణాలు చాలామంది చాలా చెబుతారు. నాకు తెలిసిన కారణం ఆ అగ్గిపెట్టెలే.

ఆ 18 తర్వాత అలాంటివి మళ్లీ రాలేదు. 1990లలో త్రీఫేజ్ ఇంజన్లు వచ్చాయి, రైల్వే ఆ దారి పట్టింది. 18 ఇంజన్ల కోసం ఎవరు స్పేర్లు తయారుచేస్తారు? ఒకదాని సామాను ఇంకోదానికి వేసి నడిపించారు. చివరకు ఒక్కొక్కటే పక్కన పెట్టేశారు.

నమూనాల సంగతీ అంతే. పెద్ద కంపెనీలు వేల సంఖ్యలో అమ్ముడయ్యేవే చేస్తాయి. ఇదే ఆసియావాళ్లు 1967లో చేసిన ఆర్‌సీ ఇంజన్ స్వీడన్‌లో పేరున్నది, దాని నమూనా ఏ కేటలాగ్ తిప్పినా కనిపిస్తుంది. దాని విశాఖ తమ్ముణ్ని ఎవరూ పట్టించుకోలేదు.

మూడేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక కుర్రాడు దొరికాడు. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి త్రీడీ ప్రింటర్. ధర 68 వేలు చెప్పాడు. నేను బేరమాడలేదు. కింద చట్రం కోసం స్విట్జర్లాండ్ గోథార్డ్ కనుమలో తిరిగిన ఆర్‌ఈ 6/6 ఇంజన్ నమూనాను పాతది కొన్నాం. దానికీ మూడు బోగీలే, అదీ కొండలెక్కేదే. పైన బాడీ ప్రింట్ చేయాలి. అప్పుడు ఆ కుర్రాడు అడిగాడు, "సార్, రెండో పక్క ఫొటో ఉందా?"

దొరికిన ఫొటోలన్నీ ఒకే పక్కవి. ఇంజన్‌కు రెండు పక్కలూ ఒకలా ఉండవు. గాలి జాలీలు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ. డ్రాయింగు కోసం తెలిసినవాళ్లందరినీ అడిగాను, దొరకలేదు. ఆఖరికి మా ఇంట్లోనే, అమ్మ ఇనప్పెట్టెలో ఒక ఫొటో బయటపడింది. షెడ్‌లో ఎవరో రిటైరైన రోజున తీసిన గ్రూపు ఫొటో. మెడలో దండతో ఒకాయన, చుట్టూ ఇరవైమంది, వెనక మాకు కావలసిన పక్క. కాకపోతే సగం తలకాయల చాటున ఉంది.

నాన్నగారికి ఇప్పుడు 82. ఫొటోను భూతద్దంతో చూస్తూ ఒక్కొక్కర్నీ పేరుపెట్టి పిలిచి, "కాస్త జరగండిరా బాబూ, మావాడికి జాలీలు కనపడ్డం లేదు" అన్నారు. తర్వాత ఎవరి వెనక ఏముందో చెప్పడం మొదలుపెట్టారు. ఈ పొడుగాయన భుజం వెనక జాలీ, ఆ బట్టతలాయన వెనక ఖాళీ రేకు, ఈ చివర చేతికడ్డీ. నేను గీస్తున్నాను. మధ్యలో ఆగి ఆ మనుషుల్ని లెక్కపెట్టారు. ఇరవైమందిలో ఇంకా ఉన్నది నలుగురు. మళ్లీ జాలీల దగ్గరికొచ్చారు. ఆ మధ్యాహ్నం మాకు టీ కూడా గుర్తు రాలేదు.

పద్నాలుగు నెలలకు పెట్టె వచ్చింది. కొరియర్‌లో ఎక్కడో పడేసినట్టున్నారు, పాంటోగ్రాఫ్ వంగిపోయింది. నాన్నగారికి చేతులు వణుకుతాయి. ఆయన ఎక్కడ పట్టుకోవాలో చెబుతుంటే, నేను ట్వీజర్‌తో సరిచేశాను. తర్వాత ఇంజన్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంట్రా, పెళ్లికొడుకులా ఉంది. మన ఇంజన్ ఏనాడైనా ఇంత తెల్లగా ఉందా?" అన్నారు.

నిజమే. బైలదిల్లా ధూళి పట్టి కేకే లైన్‌లో ప్రతిదీ ఎర్రబడుతుంది. కానీ ఈ హాబీలో కొత్త నమూనాకు మురికి పూస్తే ధర పడిపోతుందంటారు. ఒక రాత్రంతా ఆలోచించాను. అమ్మేది ఉంటే కదా ధర! మా ప్లాంట్‌లో ఖనిజం పొడి చెప్పులకు అంటుకుని ఇంటికి రాని రోజుండదు. బూట్లు దులిపి, ఆ పొడిని పలచటి వార్నిష్‌లో కలిపి కింది బోగీలకు, జాలీల అంచులకు సన్నని కుంచెతో అద్దాను. నాన్నగారు చూసి ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

పాత వంపులో మధ్య బోగీ ప్రతిసారీ పట్టా దిగేది. ఆ వంపు విప్పేసి వెడల్పుగా కొత్తది వేశాను, అందుకోసం మా ఆవిడ పుస్తకాల అలమర రెండడుగులు జరిగింది. ఆ విషయం ఇంట్లో ఇంకా తేలలేదు.

ఇంజన్‌ను ఈరోజు తీసుకొచ్చాను. మన పాత డ్రాయింగు గదిలో బల్ల మీద ఉంది. గ్రూపు ఫొటో కూడా పక్కనే పెట్టాను. మీలో సగంమంది నాన్నలు రైల్వేలోనో, పోర్టులోనో, స్టీల్‌ప్లాంట్‌లోనో చేశారు. ఆ ఫొటోలో మీవాళ్లెవరైనా ఉన్నారేమో చూడండి, ఉంటే వెనక పేరు రాయండి. మీ ఇళ్లలోనూ ఇలాంటి ఫొటోలుంటే నాకొక కాపీ ఇవ్వండి. హిటాచీ ఇంజన్ల రెండో పక్క ఇంకా దొరకలేదు, హైదరాబాద్ కుర్రాడు ఎదురుచూస్తున్నాడు. ఇంజన్‌ను ముట్టుకోవచ్చు, పిల్లల్నీ ముట్టుకోనివ్వండి. పాంటోగ్రాఫ్ జోలికి మాత్రం వెళ్లకండి. నాన్నగారు దాని పక్కనే కుర్చీలో ఉంటారు. ఏమైనా అడగాలనుకుంటే కాస్త గట్టిగా అడగండి.