1911 పిస్టల్ మాటిమాటికీ జామ్ అవుతోందా? ముందు మ్యాగజైన్‌ని అనుమానించండి

ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక మెసేజ్. టెక్సస్ నుంచి మన సబ్‌స్క్రైబర్ ఒకతను పెట్టాడు. "అన్నా, సిటిజన్‌షిప్ వచ్చాక ముచ్చటపడి 1911 కొన్నాను. రెండు మ్యాగజైన్లు కాల్చేలోపు ఒక్కసారైనా ఇరుక్కుంటోంది. అమ్మేసి వేరేది కొనుక్కోమంటున్నారు ఫ్రెండ్స్. ఏం చెయ్యమంటావ్?" అని.

అమ్మకు తమ్ముడూ. ముందు ఆ మ్యాగజైన్ల సంగతి చూడు. సరిగ్గా ఇదే జబ్బు మా బావ పిస్టల్‌కి వస్తే, అదేంటో కనిపెట్టడానికి మాకు రెండు శనివారాలు పట్టింది. ఇవాళ ఆ కథే చెప్తా.

తెలియనివాళ్ల కోసం ఒక్క నిమిషం. మ్యాగజైన్ అంటే ఇక్కడ మా అమ్మ చదివే స్వాతి వారపత్రిక కాదు. పిస్టల్ పిడిలోకి కింద నుంచి దూర్చే సన్నటి రేకు డబ్బా. అందులో తూటాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. 1911 అంటే జాన్ మోసెస్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన .45 క్యాలిబర్ సెమీ ఆటోమేటిక్ పిస్టల్. 1911 మార్చి 29న అమెరికా సైన్యం దీన్ని తీసుకుంది, పేరు అక్కడి నుంచే వచ్చింది. 1985లో బెరెట్టాని ఎంచుకునేదాకా వాళ్ల ప్రధాన పిస్టల్ ఇదే. తీసుకునే ముందు పెట్టిన పరీక్షలో 6,000 రౌండ్లు కాల్చారు. బాగా వేడెక్కితే నీళ్లలో ముంచి మళ్లీ కాల్చారు. ఒక్కసారి కూడా ఆగలేదని రికార్డు. పోటీకి వచ్చిన సావేజ్ పిస్టల్ 37 సార్లు మొరాయించింది.

మరి అంత మొండి పిస్టల్‌కి ఇవాళ "అది జామ్ అవుతుంది బ్రో" అనే చెడ్డపేరు ఎందుకొచ్చింది? నేను కొన్నేళ్లు బ్యాకెండ్ కోడ్ రాసినవాణ్ని కాబట్టి నాకు మొదట తట్టింది ఇదే: స్పెక్ మారిపోయింది. బ్రౌనింగ్ స్పెక్ ఏంటి? 5 అంగుళాల బ్యారెల్. గుండ్రటి మూతి ఉన్న 230 గ్రెయిన్ల బుల్లెట్, అంటే సుమారు 15 గ్రాములు. 7 రౌండ్ల మ్యాగజైన్. ఈ మూడింటికీ కలిపి గీసిన బొమ్మ అది. మనవాళ్లు ఏం చేశారు? బ్యారెల్ మూడు, మూడున్నర అంగుళాలకి తగ్గించారు. తూటా మార్చారు. ఏడు ఉన్నచోట ఎనిమిది కుక్కారు. ఏపీఐ మొత్తం మార్చేసి, పాత కోడ్ ఎందుకు పనిచెయ్యట్లేదని తిట్టుకున్నట్టు ఉంటుంది.

సరే, కథలోకి వస్తా. మా అక్కావాళ్లు డాలస్ పక్కన ఉంటారు. బావ అమెరికా సిటిజన్. నేను ఆఫీసు పని మీద ఆన్‌సైట్ వెళ్లి వాళ్లింట్లో దిగాను. "బామ్మర్దీ, శనివారం రేంజ్‌కి వెళ్దాం రా" అన్నాడు. వెళ్లాను గానీ పిస్టల్ ముట్టుకోలేదు. ఇది మన స్టూడెంట్స్ బాగా వినండి. ఎఫ్1, హెచ్1బి, ఎల్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు అక్కడ తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్ని అడగండి, రూమ్మేట్‌ని కాదు. రేంజ్‌లో గంటకి అద్దెకు తీసుకున్నా అదే రూల్. ఇన్‌స్టాలో ఒక్క ఫొటో కోసం వీసా పోగొట్టుకోకండి. నా చేతిలో ఆ రోజు ఉన్నది నోట్‌బుక్, పెన్ను. అంతే.

బావ దగ్గర ఐదు మ్యాగజైన్లు. రెండు పిస్టల్‌తో పాటు వచ్చినవి, ఏడు రౌండ్లవి. ఒకటి విల్సన్ కంబాట్ 47డి, ఎనిమిది రౌండ్లది, మంచి డబ్బు పెట్టి కొన్నాడు. మిగతా రెండూ గన్ షోలో చవగ్గా దొరికాయని తెచ్చుకున్న పేరూ ఊరూ లేనివి, అవీ ఎనిమిదివే. ఐదింటినీ ఒకే బ్యాగులో కలిపేశాడు. ఏది ఏదో ఆయనకే తెలీదు.

కాలుస్తున్నాడు. ఇరుక్కుంది. తీశాడు. మళ్లీ కాల్చాడు, మళ్లీ ఇరుక్కుంది. స్లైడ్ లాగి వదిలాడు. ఈ గొడవలో ఎన్ని కాల్చాడో లెక్క తప్పింది. మ్యాగజైన్ బయటికి తీసి చూశాడు, ఖాళీ. "అయిపోయాయి" అని పిస్టల్ బల్ల మీద పెట్టాడు. రేంజ్ ఆఫీసర్ వచ్చి, స్లైడ్ వెనక్కి లాగి చూపించమన్నాడు. బావ లాగాడు. చాంబర్‌లోంచి ఒక తూటా టప్పున బల్ల మీద పడింది.

బావ మొహం పాలిపోయింది. నాదీ అంతే.

ఎందుకంటే 1911కి మ్యాగజైన్ సేఫ్టీ లేదు. అంటే మ్యాగజైన్ తీసేసినా, చాంబర్‌లో తూటా ఉంటే ట్రిగ్గర్ నొక్కగానే పేలుతుంది. మరి బావ ఎందుకు మోసపోయాడు? మంచి మ్యాగజైన్ ఉంటే ఆఖరి తూటా పేలాక స్లైడ్ వెనకే ఆగిపోయి తెరుచుకుని ఉంటుంది. అది "అయిపోయింది" అని పిస్టల్ మనకి పంపే సిగ్నల్. ఆ సిగ్నల్ ఇచ్చేది ఎవరు? మ్యాగజైన్ లోపల తూటాల కింద ఉండే ఫాలోవర్ అనే పలక. స్ప్రింగ్ దాన్ని పైకి తోస్తే, అది స్లైడ్ స్టాప్‌ని పైకి లేపుతుంది. బావ మ్యాగజైన్లలో కొన్నిటికి ఆ పని సరిగ్గా జరగట్లేదు, ఖాళీ అయినా స్లైడ్ మూసుకుపోయేది. ఆయనకి అదే అలవాటైపోయింది. మూసుకున్న స్లైడ్ చూసి ఖాళీ అనుకున్నాడు. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది అండి. ఆ రాత్రి అక్కకి ఈ విషయం చెప్పడానికి మాకిద్దరికీ నోరు రాలేదు. మర్నాడు బావే చెప్పాడు. అక్క ఒక్కటే అంది: "అది ఎందుకు అలా చేస్తోందో తెలిసేదాకా ఆ పెట్టె తాళం నా దగ్గర ఉంటుంది."

అందుకే ఆ వారం కూర్చున్నాం. మొదటి పని, నంబర్లు వేయడం. అక్క నెయిల్ పాలిష్ అడిగి ఐదు మ్యాగజైన్ల అడుగున 1 నుంచి 5 దాకా రాశాం. నవ్వకండి, ఈ మొత్తం వీడియోలో మీకు పనికొచ్చే మొదటి ముక్క ఇదే. నంబర్ లేకపోతే మీ దగ్గర ఉన్నది "పిస్టల్ జామ్ అవుతోంది" అనే కంప్లైంట్ మాత్రమే. నంబర్ ఉంటే "నాలుగోది, హాలో పాయింట్‌తో, మొదటి రౌండ్ దగ్గర" అనే లాగ్ ఉంటుంది. లాగ్ లేకుండా డీబగ్ చేసినవాణ్ని నేనింతవరకు చూడలేదు.

రెండో శనివారం ఒక్కో మ్యాగజైన్‌ని మూడుసార్లు గుండ్రటి మూతి తూటాలతో, మూడుసార్లు హాలో పాయింట్లతో నింపి కాల్చాడు. నేను రాసుకున్నాను. 200కి పైగా తూటాలు ఖర్చయ్యాయి. బిల్లు చూసి బావ ఏమన్నాడో ఇక్కడ చెప్పలేను. కానీ రాసింది చూస్తే బొమ్మ క్లియర్‌గా వచ్చింది. 1, 3 ఒక్కసారి కూడా తప్పు చేయలేదు. 2 అన్ని తూటాలూ ఇచ్చింది గానీ ఆరుసార్లలో రెండుసార్లు స్లైడ్ ఆపలేదు. 4 గుండ్రటివాటితో బాగానే ఉంది, హాలో పాయింట్ పెడితే మూడుసార్లూ ఇరుక్కుంది. 5 ఆఖరి తూటా దగ్గరే గొడవ. అంటే పిస్టల్ అదే, మనిషి అదే, తూటాల పెట్టె కూడా అదే. మారింది మ్యాగజైన్ ఒక్కటే.

ఇప్పుడు ఒక్కోదాని పోస్టుమార్టం. ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్తా, ఎందుకంటే కొనేటప్పుడు మీరు చూడాల్సింది ఇదే.

నాలుగోదాని రోగం పై అంచుల్లో ఉంది. మ్యాగజైన్ నోటి దగ్గర రెండు వైపులా లోపలికి వంగిన రేకు అంచులు ఉంటాయి, ఫీడ్ లిప్స్ అంటారు. స్లైడ్ ముందుకి వస్తూ పై తూటా వెనక అంచుని తోస్తుంది. తూటా మూతి ర్యాంప్‌ని తాకి పైకి లేస్తుంది. అది చాంబర్‌లోకి దారి పట్టేదాకా వెనక భాగాన్ని ఈ లిప్స్ పట్టుకుని, సరైన క్షణంలో వదలాలి. పాత మిలిటరీ డిజైన్‌లో ఈ అంచులు ముందుకి వెళ్లేకొద్దీ మెల్లమెల్లగా విచ్చుకుంటాయి, తూటాని చివరిదాకా చెయ్యి పట్టుకుని నడిపిస్తాయి. దాదాపు 32 మిల్లీమీటర్ల పొడుగున్న గుండ్రటి తూటాకి ఇది బంగారం. తర్వాత టార్గెట్ షూటర్లు మూతి తెగ్గొట్టినట్టుండే వాడ్‌కట్టర్ రకం తూటాలు వాడటం మొదలుపెట్టారు. వాటి కోసం తూటాని తొందరగా, ఒక్కసారిగా వదిలేసే లిప్స్ వచ్చాయి. ఈ రెండింటికీ మధ్యలో హైబ్రిడ్ అనే మూడో రకం ఉంది. మెల్లగానే విచ్చుకుంటుంది గానీ కొంచెం ముందే వదిలేస్తుంది. గుండ్రటివీ, హాలో పాయింట్లూ రెండూ వాడేవాళ్లకి నా ఓటు దీనికే. మన నాలుగోదాన్ని వెర్నియర్ క్యాలిపర్‌తో కొలిస్తే కుడి లిప్ బయటికి ఒరిగిపోయి ఉంది. ఎవరో కాంక్రీట్ మీద పడేసి ఉంటారు. ప్లయర్‌తో వంచేద్దాం అన్నాడు బావ. వద్దన్నాను. ఒకసారి విచ్చుకున్న రేకు మళ్లీ విచ్చుకోదని నమ్మకం ఏంటి?

ఐదోదాని రోగం ఫాలోవర్‌లో ఉంది. ఒకటో నంబర్ పక్కన పెట్టి చూస్తే తేడా కంటికే కనిపించింది. ఒకటోదాని పలక మీద చిన్న బొడిపె ఉంది, ఐదోది నున్నగా ఉంది. ఆ బొడిపె అలంకారం కాదు అండి. ఆఖరి తూటా మీద ఇంకో తూటా బరువు ఉండదు, స్ప్రింగ్ కూడా అప్పటికి బాగా సాగి బలం తగ్గి ఉంటుంది. ఆ ముందు రౌండ్ పేలినప్పుడు వచ్చే కుదుపుకి ఈ ఒంటరి తూటా ముందుకి జారిపోతుంది. ఒక్కోసారి మ్యాగజైన్ లోంచే ఊడి వచ్చేస్తుంది. అది జారకుండా ఆపేది ఆ బొడిపే. పాత డిజైన్‌లోనే ఉన్న ఈ చిన్న అడ్డుని ఖర్చు తగ్గించడానికి తీసేసినవాళ్లని ఏమనాలి?

రెండోదానికి స్ప్రింగ్ ఒక్కటే నీరసపడింది. వోల్ఫ్ కంపెనీ 11 పౌండ్ల స్ప్రింగ్ తెప్పించి వేశాం, జబ్బు పోయింది. మ్యాగజైన్ స్ప్రింగ్ అనేది బైక్ బ్రేక్ ప్యాడ్ లాంటిది, అరుగుతుంది, మార్చాలి. తూటాలు నింపి ఊరికే ఉంచడం కంటే నింపడం, ఖాళీ చేయడం, మళ్లీ నింపడం వల్లే అది ఎక్కువ అలసిపోతుంది.

ఇక ఏడా, ఎనిమిదా? ఈ గొడవ అమెరికాలో ఎప్పటికీ తెగదు. ఏడు తూటాలకి గీసిన డబ్బాలోనే ఎనిమిదోది పట్టాలంటే స్ప్రింగ్‌కో, ఫాలోవర్‌కో చోటు తగ్గించాలి. మంచి కంపెనీలు కొన్ని ట్యూబ్‌ని కాస్త పొడిగించి, అడుగున మందమైన బేస్ ప్యాడ్ పెట్టి ఆ చోటు సంపాదిస్తాయి. బావ మూడో నంబర్ బాగా పనిచేసింది, అంటే ఎనిమిది అసాధ్యం ఏమీ కాదు. కానీ ఎనిమిది కావాలంటే డబ్బు పెట్టండి. చవకలో కావాలంటే ఏడుతో ఆగండి. చవకా కావాలి, ఎనిమిదీ కావాలి అంటే బావ బల్ల మీద పడిన తూటా గుర్తు తెచ్చుకోండి.

పేర్లు అడుగుతారు కాబట్టి చెప్తా, నాకెవరూ డబ్బులివ్వలేదు. గుండ్రటి తూటాలే కాల్చేవాళ్లకి చెక్‌మేట్ వాళ్ల పాత తరహా ఏడు రౌండ్లది చాలు. బడ్జెట్‌లో ఇటలీ వాళ్ల మెక్‌గార్. ఎనిమిది రౌండ్లకి విల్సన్ కంబాట్, ట్రిప్ రీసెర్చ్. ఫ్రేమ్ అల్యూమినియం అయితే లోహపు ఫాలోవర్ ఫ్రేమ్ ర్యాంప్‌ని గీరే అవకాశం ఉంది, ప్లాస్టిక్ ఫాలోవర్ ఉన్నది చూసుకోండి. పొట్టి పిడి ఉన్న మోడల్ అయితే దానికి చేసిన పొట్టి మ్యాగజైనే వాడండి. పొడుగుది స్లైడ్ తెరిచి ఉండగా గట్టిగా కొడితే లోపలికి ఎక్కువ దూరి ఎజెక్టర్‌కి తగులుతుంది. ఏ పేరు కొన్నా నంబర్ వేసి, మీరు వాడే తూటాలతోనే మీ పిస్టల్‌లో కాల్చి చూడాల్సిందే. బాక్స్ మీద ఉన్న పేరు సగం పనే చేస్తుంది.

ఇంకోటి. మ్యాగజైన్ ఎంత మంచిదైనా ఆ స్లైడ్ సిగ్నల్‌ని నమ్మి ఆగిపోవద్దు. ముందు మ్యాగజైన్ తియ్యాలి, తర్వాత స్లైడ్ లాగి ఆపాలి, చాంబర్‌లోకి కళ్లతో చూడాలి, వేలు పెట్టి చూడాలి. ఇదే వరసలో. స్లైడ్ ముందు లాగి మ్యాగజైన్ తర్వాత తీస్తే, స్లైడ్ వదలగానే ఇంకో తూటా ఎక్కి కూర్చుంటుంది.

4, 5 ఏం చేశామో చెప్పి ఆపేస్తా. పారేద్దామనుకున్నాడు బావ. చెత్తలోంచి ఎవరైనా తీసి మళ్లీ గన్ షోలో అమ్ముతారని గ్యారేజ్‌లో సుత్తితో చదును చేశాడు. అక్క చూసి, తాళం తిరిగి ఇచ్చింది. నెయిల్ పాలిష్ మాత్రం నా బ్యాగులోనే హైదరాబాద్ వచ్చేసింది. ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతోంది.