కరెంటూ మందూ కలిసిన ఏడు వారాలు

నోరు, గొంతు, స్వరపేటికల్లో పుట్టిన క్యాన్సర్ చుట్టుపక్కల కండలోకి చొచ్చుకుపోయినా, మెడ గడ్డలకు పాకినా ముదిరినట్టే లెక్క. భారతదేశంలో ఎక్కువమంది రోగులు ఆ స్థితిలోనే ఆసుపత్రి మెట్లెక్కుతారు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ చుట్ట అంగిట్లో తెచ్చే క్యాన్సర్ సంగతి విశాఖ, శ్రీకాకుళం వైద్యులకు కొత్త కాదు. నోటి క్యాన్సర్‌కు సాధారణంగా ముందు శస్త్రచికిత్స చేస్తారు. కోసిన అంచుల్లో క్యాన్సర్ మిగిలినా, మెడ గడ్డ పొరను చీల్చుకుని బయటికొచ్చినా, తర్వాత రేడియేషన్, కీమో కలిపి ఇవ్వాలని 2004లో వెలువడిన రెండు పెద్ద పరిశీలనలు తేల్చాయి. గొంతు, స్వరపేటికల్లో చాలాసార్లు కత్తి పెట్టకుండా ఈ జోడు చికిత్సతోనే మొదలుపెడతారు.

రేడియేషన్ డీఎన్ఏ పోగుల్ని తెంపుతుంది. కణం వాటిని అతికించుకోవాలని చూస్తుంది. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఆ పోగుల మధ్య ముడులు వేసి మరమ్మతును చెడగొడుతుంది. ఈ మందు గుణం బయటపడిన తీరు విచిత్రం. 1965లో అమెరికాలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బ్యాక్టీరియా మీద విద్యుత్ ప్రభావం చూడబోతే, అవి విభజన మానేసి పొడుగ్గా సాగాయి. కారణం విద్యుత్ కాదని, ఎలక్ట్రోడ్ల నుంచి కరిగిన ప్లాటినమని తర్వాత తెలిసింది. పల్లెల్లో ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్ వైద్యానికి తోడొచ్చిన మందు కరెంటు ప్రయోగంలోనే దొరికిందన్నమాట!

కీమోను ముందిచ్చి, రేడియేషన్ తర్వాత పెడితే సరిపోదా? 93 పరిశీలనల్లోని 17 వేలమందికి పైగా రోగుల వివరాలు కలిపి 2009లో వేసిన లెక్క ప్రకారం, రెండూ ఒకేసారి ఇస్తేనే ఐదేళ్లకు బతికున్నవారు 6.5 శాతం పెరిగారు. వయసు పైబడేకొద్దీ ఆ లాభం తగ్గి, డెబ్బై దాటినవారిలో దాదాపు కనిపించలేదు. స్వరపేటిక విషయంలో తేడా మరీ స్పష్టం. 2003లో ప్రచురితమైన అమెరికా పరిశీలనలో రెండేళ్లకు స్వరపేటిక నిలిచినవారు జోడు చికిత్సలో 88 శాతం, ముందు కీమో ఇచ్చినప్పుడు 75, ఒట్టి రేడియేషన్‌తో 70.

మామూలు పద్ధతిలో వారానికి ఐదు రోజుల చొప్పున 35 విడతల్లో 70 గ్రే రేడియేషన్ ఇస్తారు. శరీర ఉపరితలం చదరపు మీటరుకు 100 మిల్లీగ్రాముల సిస్‌ప్లాటిన్ మూడు వారాలకోసారి ఎక్కిస్తారు. నాలుగో వారం దాటాక మిగిలిన క్యాన్సర్ కణాలు వేగంగా పెరుగుతాయి కనుక మధ్యలో రోజులు పోగొట్టుకోకూడదు. మోతాదు మరీ తగ్గించడమూ పనికిరాదు. ముంబయి టాటా మెమోరియల్‌లో 300 మందిపై జరిపి 2018లో ప్రచురించిన పరిశీలనలో వారం వారం 30 మిల్లీగ్రాములిచ్చినవారిలో రెండేళ్లకు 58.5 శాతం మందికే వ్యాధి తల, మెడ భాగంలో అదుపులో ఉంది. మూడు వారాలకోసారి 100 ఇచ్చినవారిలో 73.1 శాతం. శస్త్రచికిత్స తర్వాత వారానికి 40 ఇస్తే ఫలితం తగ్గదని 2022లో జపాన్ వైద్యులు చూపారు. సిస్‌ప్లాటిన్ పడనివారికి రేడియేషన్‌కు వారానికి 15 మిల్లీగ్రాముల డోసిటాక్సెల్ అనే మందు జోడిస్తే రెండేళ్లకు బతికున్నవారు 41.7 నుంచి 50.8 శాతానికి పెరిగారని మళ్ళీ టాటా వైద్యులే 2023లో నిరూపించారు.

కొత్తగా పట్టా పుచ్చుకున్న వైద్యులు వార్డులో అడుగుపెట్టగానే ఈ జోడు చికిత్స మూల్యం చూస్తారు. నోరంతా పూసి, మంచినీళ్ళు కూడా మింగుడుపడక, చాలామందికి ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తుంది. సిస్‌ప్లాటిన్ మూత్రపిండాల్నీ వినికిడినీ దెబ్బతీస్తుంది. అందుకే ఎక్కించే ముందూ తర్వాతా సెలైన్ పుష్కలంగా ఇస్తారు, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూస్తూ ఉంటారు. లాలాజలం ఎండిపోతే పళ్ళు పుచ్చుతాయి. రేడియేషన్ తగిలిన దవడలో పన్ను పీకితే ఎముక చచ్చిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, పాడైన పళ్ళు చికిత్స మొదలవక ముందే తీయించి, పుండు మానాకే మొదటి విడత పెడతారు.