సీసాలో అరటి మొక్క – కంటికి కనబడని శుభ్రత
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను అరటి టిష్యూ కల్చర్ ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. "వేలెడంత మొక్కకు ఇంత మడి ఆచారమా?" అని చాలామంది అడుగుతుంటారు. దానికి జవాబుగా నాలుగు మాటలు చెబుతాను.

కడప, అనంతపురం రైతులు జి-9 అని పిలిచే గ్రాండ్ నైన్ అరటిని సీసాలో పెంచుతాం. తల్లి చెట్టు పిలక తెచ్చి, పొరలు ఒలిచి, నడిమి మొగ్గను పోషక మాధ్యమంలో పెడతాం. 1962లో మురషిగె, స్కూగ్ అనే శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఆ మాధ్యమంలో లీటరుకు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. చిక్కంతా అక్కడే. మొక్కకు వడ్డించిన విస్తరి బూజుకూ విందే. మొగ్గ ఎదగడానికి వారాలు పడుతుంది. బూజుకు నాలుగు రోజులు చాలు.

అందుకే మాధ్యమాన్ని ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెంటీగ్రేడ్ వద్ద 15 నుంచి 20 నిమిషాలు ఉంచుతాం. మన ప్రెషర్ కుక్కర్ సూత్రమే. మరిగే నీళ్లకు చావని బాక్టీరియా సిద్ధబీజాలు కూడా ఆ ఆవిరికి చస్తాయి. అయితే లోపలి గాలి పూర్తిగా బయటికి పోవాలి.

మొగ్గను ఉడికించలేం కదా! దాన్ని బ్లీచింగ్ ద్రావణంలో ముంచి, శుద్ధి చేసిన నీటితో మూడు నాలుగుసార్లు కడుగుతాం. మందు ఎక్కువైతే మొగ్గ చస్తుంది, తక్కువైతే బూజు బతుకుతుంది.

ఆ తర్వాత పనంతా లామినార్ గాలి పెట్టె ముందు. హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ కణాలను 99.97 శాతం ఆపుతుంది. శుభ్రమైన ఆ గాలికీ తెరిచిన సీసాకూ నడుమ చేయి అడ్డం రాకూడదు. మాట్లాడకూడదు. చేతులకు 70 శాతం స్పిరిట్ రాసుకుంటాం. పిల్లలూ, నూరు శాతం ఎందుకు కాదో తెలుసా? అది త్వరగా ఆవిరైపోతుంది. సూక్ష్మజీవి ప్రోటీన్లను చెడగొట్టడానికి నీరూ కావాలి. చేతులు ఆరాకే దీపం వెలిగించాలి, లేకుంటే అంటుకుంటుంది.

ఇంత చేసినా ఒక శత్రువు మిగులుతుంది. బంచీ టాప్ వైరస్ మొక్క లోపలే ఉంటుంది. బ్లీచింగు దాన్ని తాకదు. మాధ్యమం తేటగానే కనిపిస్తుంది. ఒక్క రోగిష్టి తల్లి నుంచి వేల రోగిష్టి పిల్లలు పుడతాయి. తోటలో ఆకులు గుత్తిగా గిడసబారాక గాని రైతుకు తెలియదు. అప్పటికి పెట్టుబడి నేలపాలు. కాబట్టి తల్లి చెట్టుకు ముందే వైరస్ పరీక్ష జరగాలి.

కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006లో టిష్యూ కల్చర్ మొక్కలకు ధ్రువీకరణ విధానం తెచ్చింది. ఇక్కడున్న రైతు సోదరులకు నా మనవి ఒక్కటే: మొక్క నిగనిగ చూసి కొనకండి, ఆ ధ్రువపత్రం అడగండి. అడిగే రైతు ఉంటేనే ప్రయోగశాల జాగ్రత్తగా ఉంటుంది.